చారిత్రక ఆధారంగా చలనచిత్రం: ‘రాక్సీ హార్ట్’ (1942)

1924లో చికాగోలో హత్యానేరం ఎదుర్కొన్న బ్యూలా ఆనన్, బెల్వా గార్ట్‌నర్‌లను పత్రికలు తారలను చేశాయి. పురుషులు మాత్రమే ఉన్న జ్యూరీలు ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టాయి. ఆ వార్తలు రాసిన విలేకరి మౌరీన్ వాట్కిన్స్ 1926లో ‘చికాగో’ నాటకం రచించింది. అందులో రాక్సీ హంతకురాలే. అయినా శిక్ష తప్పించుకుంటుంది.

విలియం వెల్‌మన్ 1942లో దీనిని ‘రాక్సీ హార్ట్’ అనే హాస్యచిత్రంగా తీశాడు. ఇందులో జింజర్ రోజర్స్ పోషించిన రాక్సీ నిర్దోషి. పేరు కోసం నేరాన్ని తనపై వేసుకుంటుంది. ఈ మార్పు ఎందుకు? 1934 నుంచి కచ్చితంగా అమలైన హాలీవుడ్ నిర్మాణ నియమావళి ప్రకారం తెరపై నేరస్థులు శిక్ష తప్పించుకోకూడదు.

కాబట్టి ఈ చిత్రంలో 1924 నాటి చికాగోను మాత్రమే వెతికితే పొరపడతాం. ఏ ఆధారమైనా తాను వర్ణించే కాలంతోపాటు తాను పుట్టిన కాలాన్నీ తెలుపుతుందని విద్యార్థులు గమనించాలి.