నల్ల ఓణీలు అమ్మిపెట్టిన షాయర్: పేరు ఎవరికి, మెహనత్ ఎవరిది?



ఈసారి ఒక పాత అరబ్బీ కిస్సాతో మొదలుపెడతాను. కూఫా నుంచి ఒక తాజిర్ ఆడవాళ్ళ ఓణీలు, అంటే ఖిమార్లు, మూటగట్టుకుని మదీనాకు వచ్చాడు. మిగతా రంగులన్నీ అమ్ముడుపోయాయి, నల్లవి మాత్రం మిగిలిపోయాయి. ఆ ఊర్లో అద్దారిమీ అనే షాయర్ అతని దోస్తు. షాయరీ మానేసి మసీదులో ఇబాదత్ చేసుకుంటూ ఉన్నాడు. దోస్తు పరేషానీ చూసి, నల్ల ఓణీ కప్పుకున్న అందగత్తెను చూసి ఒక ఆబిద్ మనసు చెదిరిందనే ఖయాల్‌తో రెండు షేర్లు కట్టాడు. పాడేవాళ్ళు వాటిని ఊరంతా తిప్పారు. అద్దారిమీ మళ్ళీ దారి తప్పాడని జనం గుసగుసలాడుకున్నారు. కానీ మదీనాలో షోకు తెలిసిన ప్రతి ఆడమనిషీ నల్ల ఓణీ కొనేసింది. సరుకు ఖతం అయ్యాక షాయర్ మళ్ళీ మసీదుకే వెళ్ళిపోయాడు.

10వ శతాబ్దంలో అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ కూర్చిన 'కితాబుల్ అఘానీ'లో ఉన్న కిస్సా ఇది. ఇప్పటి మాటల్లో చెప్తే అద్దారిమీ ఒక ఇన్‌ఫ్లుయెన్సర్, అతని షేర్లు ఒక రీల్. అయితే ఈ కిస్సాలో మనం పట్టించుకోని విషయం ఒకటుంది. షాయర్ పేరు ఇన్ని వందల ఏళ్ళు మిగిలింది. తాజిర్ ఉత్త 'కూఫా తాజిర్' అయ్యాడు. ఆ ఓణీలు నేసిన చేతుల సంగతి కిస్సాలో ఒక్క ముక్క కూడా లేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మా ముద్దనూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఇప్పుడు ఇంటి పట్టున హునర్ ఉన్న ఆడపిల్లల ఫోన్లో ఇన్‌స్టా ఉంది. మనం 'మగ్గం వర్క్' అనేది అసలు జర్దోజీ. ఫార్సీలో జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టుపని. ఆ పని చేసే పిల్లకు లక్షమంది ఫాలోయర్లున్న ఒకావిడ మెసేజ్ పెడుతుంది: "ఒక బ్లౌజు ఫ్రీగా కుట్టివ్వు, నా పేజీలో చూపిస్తా." ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఏ షరతు మీద? ఈ సవాల్ కొత్తది కాదు. తారీఖ్‌లో దీనికి జవాబులున్నాయి.

మన తెలుగు నేల మీద అన్నిటికంటే పెద్ద మిసాల్ కలంకారీ. పేరే ఫార్సీ: ఖలం, కారీ. గోల్కొండ కుతుబ్‌షాహీల జమానాలో మచిలీపట్నం రేవు నుంచి ఈ అద్దకం గుడ్డలు ఇరాన్‌కు వెళ్ళేవి. కృష్ణా తీరంలో దొరికే చిరివేరుతో వచ్చే ఎరుపుకు అక్కడ మహా గిరాకీ. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో కోఠీలు పెట్టుకున్నారు. వాళ్ళు కొన్న సరుకుల్లో ఈ గుడ్డలు ముఖ్యమైనవి.

యూరప్‌లో వీటిని ఎక్కించింది రాజమహళ్ళే. ఇంగ్లండ్ రాణి మేరీ మన అద్దకం గుడ్డలను ఇష్టపడిందంటే దర్బారు ఆడవాళ్ళంతా వాటి వెంట పడ్డారు. మొదట పరదాలకు, పరుపులకు వాడిన గుడ్డ తర్వాత ఒంటి మీదికి వచ్చింది. అక్కడి నేతగాళ్ళు తమ రోజీ పోతోందని మొత్తుకున్నారు. 1686లో ఫ్రాన్స్ ఈ గుడ్డలను బంద్ చేసింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. బంద్ చేసినా షోకు తగ్గలేదు. ఫ్రాన్స్‌లో రాజుగారి ప్రియురాలు మదాం ద పాంపడూర్ కూడా బంద్ చేసిన ఆ గుడ్డలను దర్జాగా వాడింది. ఎవరు కట్టుకున్నారన్నదే ఆ గుడ్డకు ఇష్తెహార్ అయింది.

ఇంత గిరాకీ వచ్చినప్పుడు గీసే చేతికి ఏం దక్కింది? 17వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే మచిలీపట్నం కలంకారీ గురించి రాస్తూ, పని తెలిసిన కారీగర్లందరినీ కూర్చోబెట్టినా మూడు మూటల సరుకు దొరకడం కష్టమన్నాడు. చేతిపనికి హద్దు అదే. లక్షమంది అడిగినా చేతులు రెండే. గిరాకీ ఆగదు, చెయ్యి అంతకంటే వేగంగా నడవదు. ఆ సందులోకి వేరేవాడు దూరతాడు. 1759లో ఫ్రాన్స్ బంద్ ఎత్తేసింది. మరుసటి ఏడాదే, 1760లో, ఒబెర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయీలో అద్దకం కార్ఖానా పెట్టాడు. చింట్జ్ షోకును రాణులు పెంచారు, మచిలీపట్నం కారీగర్ ఆ షోకుకు రూపమిచ్చాడు, ఫాయిదా కార్ఖానాకు పోయింది. ఆ గుడ్డలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియంలలో అద్దాల వెనక ఉన్నాయి. గీసినవాళ్ళ పేర్లు మాత్రం లేవు.

అదే కాలంలో దీనికి ఉల్టాగా జరిగిన సంగతి ఒకటి ఉంది. ఇంగ్లండులో జోసియా వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి ఉండేవాడు. 1765లో రాణి షార్లెట్ ఆయన దగ్గర టీ సెట్టు చేయించుకుంది. ఆయన రాణి దగ్గర ఇజాజత్ తీసుకుని ఆ మీగడరంగు పాత్రలకు 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టాడు. రాణి పేరు వాడుకున్నాడు, కానీ పాత్ర అడుగున తన పేరే ముద్రేశాడు. రాణి పోయింది, ఆ జమానా పోయింది, పాత్ర తిప్పి చూస్తే కుమ్మరి పేరు ఇప్పటికీ కనపడుతుంది. షుహ్రత్ రాణి దగ్గర అప్పు తెచ్చుకున్నాడు, నామ్ మాత్రం తనది పెట్టుకున్నాడు. మన కలంకారీ కారీగర్‌కు హునర్‌లో ఏ తక్కువా లేదు. సంతకం పెట్టే మౌకా లేదు, కొనేవాడికీ అతనికీ మధ్య అరడజను దలాళ్ళున్నారు.

ఇప్పుడు మన రాయలసీమకు వద్దాం. 1921 సెప్టెంబర్ 22న మదురైలో గాంధీజీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టారు. అదే నెలాఖరులో ఆయన కడపకు, తాడిపత్రికి వచ్చారు. ఆ రెండు ఊర్ల మధ్య రైలుదారిలోనే ఉంది మన ముద్దనూరు స్టేషను. ఒక మనిషి తన ఒంటినే ఇష్తెహార్ చేసి చేతి నూలుకు గిరాకీ తెచ్చిన సంఘటన ప్రపంచంలో ఇంకొకటి ఉందో లేదో!

ఆ ప్రయాణంలో మనవాళ్ళ పాత్ర తక్కువేం కాదు. అంతకు వారం ముందు, సెప్టెంబర్ 14న, వాల్తేరు స్టేషనులో గాంధీజీ పక్కనుండగానే మౌలానా మొహమ్మద్ అలీని అరెస్టు చేశారు. ఆయన బేగం అమ్జదీ, భర్త జైలుకు పోయినా వెనక్కి తిరగకుండా ప్రయాణం సాగించారు. మౌలానా అమ్మీజాన్ ఆబాదీ బానో బేగంను దేశమంతా బీ అమ్మా అని పిలిచింది. ఆ పెద్ద వయసులో బుర్ఖాలోనే సభలకు వెళ్ళి, ఖిలాఫత్ గురించి, ఖద్దరు గురించి మాట్లాడారు. ఆమె ముఖం జనం చూసింది తక్కువ, ఆమె మాట మీద ఎతబార్ మాత్రం కొండంత. ముఖం చూపిస్తేనే ఇన్‌ఫ్లుయెన్స్ అనుకునే ఈ కాలపు పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. జనం నమ్మింది ఆమె జిందగీని.

ఖద్దరు వెనక ఇంకో చెయ్యి ఉంది. రాట్నం తిరగాలంటే ముందు దూది ఏకాలి. మన దూదేకుల నూర్‌బాషాలు తరతరాలుగా చేసిన పని అది. రాట్నం బొమ్మ జెండా మీదికి ఎక్కింది. దూదేకే విల్లు ఏ జెండా మీదా ఎక్కలేదు.

ఖద్దరుకు అంత పేరొచ్చాక కూడా వడికే ఆడవాళ్ళ కూలి చాలా తక్కువగానే ఉండిపోయింది. 1925లో పుట్టిన అఖిల భారత చర్ఖా సంఘం పదేళ్ళు ఖద్దరు అమ్మింది. ధర పెంచితే కొనేవాళ్ళు దొరకరని భయం. 1935లో గాంధీజీయే ఈ మాట ఎత్తారు: గరీబుల కోసమని అమ్మే గుడ్డ గరీబు కడుపు కొట్టి చవగ్గా అమ్మితే ఎట్లా అని. ఎనిమిది గంటల పనిని లెక్కగా పెట్టుకుని బతకడానికి సరిపడే కనీస కూలి ఇవ్వాలని ఆ ఏడే సంఘం తీర్మానం చేసింది. దేశంలో అందరికంటే పెద్ద ముఖం పద్నాలుగేళ్ళు ప్రచారం చేసినా, కూలి దానంతటది పెరగలేదు. దాన్ని విడిగా మాట్లాడి రాయించుకోవాల్సి వచ్చింది.

మన కాలంలో చూసిందీ దాదాపు ఇదే. 2017లో తెలంగాణ సర్కారు చేనేత ప్రచారానికి సినీనటి సమంతను ఎంచుకుంది. ఆమె చీరలు కట్టి ఫోటోలు పెడితే కాలేజీ పిల్లలు కూడా చేనేత వైపు చూశారు, మంచిదే. కానీ బాజారుకు వెళ్తే పోచంపల్లి డిజైను అచ్చుగుద్దిన మిల్లు చీర పావు ధరకే దొరుకుతుంది. చూసిన కళ్ళన్నీ నేతగాడి ఇంటిదాకా రావు. చాలా కళ్ళు దారిలోనే నకిలీ దగ్గర ఆగిపోతాయి.

ఏటికొప్పాక కథ కొంచెం వేరు. అనకాపల్లి వైపు ఉన్న ఈ ఊర్లో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, లక్క రంగులద్ది బొమ్మలు చేస్తారు. 2020 ఆగస్టు 30న ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఈ బొమ్మల గురించి, వాటి కోసం పనిచేసిన సి.వి. రాజు గురించి పేరుపెట్టి చెప్పారు. అప్పటికి ఆ ఊరు ఖాళీ చేతులతో లేదు. చెట్ల నుంచి, గింజల నుంచి తీసే రంగుల మీద ఎన్నో ఏళ్ళ మెహనత్ ఉంది. 2017లోనే బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఊరి పేరును వేరేవాళ్ళు వాడుకోకుండా కానూన్ కాపలా ఉంది. పెద్దమనిషి నోట మాట వచ్చేసరికి ఊరికి పేరుంది, సరుకుకు గుర్తుంది. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ మన పిల్ల సవాల్ దగ్గరికి వద్దాం. ఫ్రీ బ్లౌజు ఇవ్వాలా?

ఇవ్వొచ్చు. అద్దారిమీ లేకపోతే ఆ నల్ల ఓణీలు అట్లే మూలనుండేవి. తిజారత్‌లో దోస్తు సాయం తీసుకోవడం ఐబు కాదు. కానీ తారీఖ్ చెప్పిన మూడు మాటలు ముందే మాట్లాడుకోవాలి.

మొదటిది, పేరు. ఆ వీడియోలో కుట్టినావిడ పేరు, ఊరు, ఆమె పేజీ కనపడాలి. "మా కలెక్షన్" అని ఆవిడ చెప్పేసుకుంటే మనది కూఫా తాజిర్ గతే. దీన్ని ఫోన్లో మాటగా కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి.

రెండోది, చెయ్యి ఓర్చుకునే లెక్క. ఒక బ్లౌజుకు అయిదు రోజులు పడుతుందనుకుందాం. నెలకు ఆరు. వీడియో పేలి నూరు ఆర్డర్లు వస్తే? అడ్వాన్సులన్నీ తీసుకుని ఇవ్వలేక ఇజ్జత్ పోగొట్టుకోవడమో, మిషన్ వర్క్ తెప్పించి చేతిపని అని అమ్మడమో జరుగుతుంది. "నెలకు ఆరే కుడతాను, ధర ఇది, వరస ఇది" అని ముందే చెప్పేస్తే తావెర్నియే చెప్పిన మూడు మూటలే మన గౌరవం అవుతాయి. ధరలో మన కూలి కూడా ఉండాలి. అయిదు రోజుల పనికి ఏడుపొచ్చే మజ్దూరీ మిగిలితే ఆ ఫాలోయర్లతో ఏం పని? చెల్లెలో, పక్కింటి ఖాలానో సాయానికి కూర్చుంటే వాళ్ళ మజ్దూరీ కూడా ఆ లెక్కలోనే.

మూడోది, సచ్చాయీ. హుజూర్ (స) బాజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, లోపలి తడిని పట్టుకుని, ఆ తడి ధాన్యాన్ని జనానికి కనపడేట్టు పైన ఎందుకు పెట్టలేదని అడిగిన సంగతి మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. డబ్బు తీసుకునో ఫ్రీ సరుకు తీసుకునో పొగిడి, ఆ సంగతి దాచిపెట్టడం కూడా తడి కింద దాచడమే. ఇప్పుడు కానూన్ కూడా ఇదే అంటోంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ తెచ్చిన నియమాల ప్రకారం డబ్బే కాదు, ఫ్రీ సరుకు, డిస్కౌంటు తీసుకున్నా ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పాలి. దాచితే జుర్మానా పది లక్షల దాకా పోవచ్చు. "ఇది నాకు ఫ్రీగా ఇచ్చారు" అని చెప్పడానికి ఇష్టపడని ఇన్‌ఫ్లుయెన్సర్‌తో మీకు పనేం లేదు.

ఇంకో మాట. లక్ష ఫాలోయర్లున్న హైదరాబాద్ పేజీ ఒకటే దారి కాదు. ప్రొద్దుటూరు పెళ్ళిళ్ళలో మెహందీ పెట్టే ఆపాకు, జమ్మలమడుగులో బట్టల దుకాన్ నడిపే చాచాకు ఫాలోయర్లు తక్కువే కావచ్చు. కానీ వాళ్ళు చెప్తే కొనే ఖానదాన్‌లు నలభై ఉంటాయి, ఆ నలభై మీ ఇంటికి నడిచి వస్తాయి. బీ అమ్మా చూపించింది ఈ దారే.

ఈ రాత్రికే ఒక పని చేయండి. మీ అమ్మీ కుట్టినా, మీ బీవీ కుట్టినా, ఆ గుడ్డ లోపలి అంచు మీద వేలెడంత జాగాలో ఆమె పేరు, కింద ఊరి పేరు దారంతో కుట్టించండి. పొగిడే ముఖాలు మారుతుంటాయి. ఆ గుడ్డ ఎన్ని చేతులు మారినా ఆ పేరు దానితోపాటే పోతుంది.