మ్యూస్లీ, బళేపేట పరిసరాల ధాన్యాలు

మ్యూస్లీ అనేది ఆవిరి పట్టి చదును చేసిన ఓట్స్ గింజలను నీళ్లలోగాని, పాలలోగాని, పెరుగులోగాని నానబెట్టి, వాటికి తాజా పండ్లు, పప్పుగింజలు, ఎండుపండ్లు చేర్చి, పొయ్యి మీద వండకుండానే తినే ఉదయాహారం. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో ఒక వైద్యుడు తన రోగుల పథ్యం కోసం రూపొందించిన ఈ వంటకం నేడు బెంగళూరు దుకాణాలలో అట్టపెట్టెలలో అమ్ముడవుతున్నప్పటికీ, దాని సారమంతా తయారుచేసే పద్ధతిలోనే ఉన్నది. ముందుగానే వేడి తగిలి మెత్తబడేందుకు సిద్ధంగా ఉన్న ధాన్యాన్ని నానబెట్టడం, దానికంటే ఎక్కువ పండు కలపడం, కొద్దిపాటి పులుపును, నూనెగింజలను జోడించడం అనే ఈ పద్ధతి పాత బెంగళూరు పేటలవారికి అంత కొత్తది కాదు. అటుకులు, పేలాలు, రాగి పేలాల పిండి అయిన హురిహిట్టు అక్కడ తరతరాలుగా ఇదే సూత్రం మీద వాడుకలో ఉన్నాయి.

పుట్టుక

మ్యూస్లీని రూపొందించిన మాక్సిమిలియన్ ఓస్కార్ బిర్షర్ బెన్నర్ (1867–1939) స్విట్జర్లాండులోని ఆరావు పట్టణంలో జన్మించి, జూరిక్‌లో వైద్యవృత్తి సాగించాడు. ఆల్ప్స్ పర్వతాలలో పశువుల కాపరులు తినే సాదా ఆహారం ఈ వంటకానికి ప్రేరణ అని చెబుతారు. మాంసమే బలమిచ్చే ఆహారమని వైద్యులు సైతం నమ్మిన ఆ కాలంలో, పచ్చి పండ్లకు, కాయగూరలకు పథ్యంలో అగ్రస్థానం ఇవ్వాలని వాదించినందుకు అతడు తోటి వైద్యుల తిరస్కారానికి గురయ్యాడు. అయినా వెనుదీయక 1904లో జూరిక్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న కొండ మీద ఒక ఆరోగ్యాలయాన్ని నెలకొల్పి, అక్కడ చేరిన రోగులకు భోజనానికి ముందు ఈ వంటకాన్ని పెట్టించేవాడు. పచ్చి ఆకులలో, పండ్లలో సూర్యకాంతి శక్తి నిలువ ఉంటుందని, అదే దేహాన్ని బాగుచేస్తుందని అతడు చెప్పిన సిద్ధాంతాన్ని తరువాతి శాస్త్రం అంగీకరించలేదు. కానీ విటమిన్ అనే పేరే 1912 వరకు పుట్టలేదన్న సంగతి గుర్తుంచుకుంటే, కారణాన్ని తప్పుగా ఊహించినా పథ్యాన్ని సరిగా ఎంచుకున్న వైద్యుడిగా అతనికి దక్కవలసిన గౌరవం తక్కువేమీ కాదు.

తొలి వంటకపు కొలతలను గమనించడం అవసరం. ఒక మనిషికి ఒక పెద్ద చెంచాడు ఓట్స్‌ను మూడు పెద్ద చెంచాల నీళ్లలో పన్నెండు గంటలు నానబెట్టి, దానిలో ఒక పెద్ద చెంచాడు నిమ్మరసం, ఒక పెద్ద చెంచాడు తీపి చిక్కటిపాలు కలిపి, సుమారు 200 గ్రాముల ఆపిల్‌ను తొక్కతో సహా అప్పటికప్పుడు తురిమి వేసి, పైన పొడి చేసిన బాదం లేదా హేజెల్ గింజలను చల్లేవారు. పచ్చి పాల ద్వారా క్షయవ్యాధి సోకుతుందన్న భయం అప్పట్లో బలంగా ఉండటం వల్ల ఈ డబ్బాపాలు వాడినట్లు చెబుతారు. అంటే ధాన్యం పది గ్రాములు కూడా లేని ఆ వంటకం నిజానికి ఒక పండ్ల వంటకం. ధాన్యం పండ్ల రసాన్ని పట్టి ఉంచడానికి మాత్రమే పనికివచ్చేది. నేటి పెట్టెలలో ఈ నిష్పత్తి పూర్తిగా తలకిందులై, ధాన్యమే అధికంగా, పండు నాలుగు ఎండుద్రాక్షలుగా మిగిలింది. ఈ వంటకానికి జరిగిన మార్పులన్నిటిలో ఇదే పెద్ద నష్టం.

వండకుండా తినగలగడానికి కారణం

ఓట్స్ గింజ మీది పొట్టు తీసిన తరువాత దానికి ఆవిరి పట్టి, ఉక్కు రోలర్ల మధ్య నొక్కి రేకులుగా చేస్తారు. ఆవిరి పట్టడం వల్ల రెండు పనులు జరుగుతాయి. గింజలోని కొవ్వును విడగొట్టి కారువాసన పుట్టించే ఎంజైము నశిస్తుంది కనుక సరుకు నెలల తరబడి నిలువ ఉంటుంది. పిండిపదార్థం కొంత ఉడికి నీటిని సులభంగా పీల్చుకొనే స్థితికి వస్తుంది. కాబట్టి పచ్చిగా కనిపించే ఓట్స్ రేకు వాస్తవానికి సగం ఉడికినదే. రాత్రంతా నానినప్పుడు దానిలోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచుపదార్థం నీటిలోకి దిగి జిగురుగా, చిక్కగా మారుతుంది. ఈ జిగురే పేగులలో పైత్యరస ఆమ్లాలను పట్టుకొని బయటికి పంపుతుంది. వాటి లోటు తీర్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోవలసి వస్తుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ ఈ మేలు చేస్తుందన్న ప్రకటనను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది. రేకులలో అది సుమారు నాలుగు శాతం ఉంటుంది కనుక, ఆ మోతాదు ఓట్స్‌తోనే అందాలంటే రోజుకు 75 గ్రాముల దాకా తినాలి. ఒక చిన్న గిన్నెడు మ్యూస్లీతో కొలెస్ట్రాల్ తగ్గిపోతుందని ఆశించడం సరికాదు.

అటుకుల తయారీలోనూ ఇటువంటి ప్రక్రియే ఉన్నది. వడ్లను నానబెట్టి, వేయించి, వేడి మీదనే దంచి లేదా నొక్కి పలుచన చేస్తారు. నీటి వల్ల, వేడి వల్ల బియ్యంలోని పిండిపదార్థం ముందే ఉడుకుతుంది కనుక, అటుకులు తడిపిన కొద్ది నిమిషాలకే తినడానికి సిద్ధమవుతాయి. పేలాలలో జరిగేది మరింత తీవ్రమైన మార్పు. వేడి ఇసుకలో గింజ లోపలి తేమ ఆవిరై, పైపొరను చీల్చుకొని, పిండిపదార్థాన్ని ఉబ్బిస్తుంది. తొలి ఏకాదశినాడు తెలుగునాట జొన్న పేలాలను విసిరి బెల్లం, యాలకులతో చేసే పేలపిండి, దక్షిణ కర్ణాటకలో రాగి పేలాలను విసిరి చేసే హురిహిట్టు ఈ తరగతికి చెందినవి. హురిహిట్టును పాలలోనో మజ్జిగలోనో కలిపి, బెల్లం చేర్చి, పొయ్యి వెలిగించే పని లేకుండా తింటారు.

బళేపేట పరిసరాలు

కెంపేగౌడ 1537లో నిర్మించిన బెంగళూరు పేట, వృత్తినిబట్టి, సరుకునుబట్టి పేర్లు పడిన వీధుల సముదాయం. మెజెస్టిక్ బస్సు స్టేషనుకు, చిక్కపేటకు మధ్య ఉన్న బళేపేట గాజుల వర్తకంతో పేరు పొంది, తరువాతి కాలంలో సంగీత వాద్యాల దుకాణాలకు ప్రసిద్ధమైంది. దానికి నడక దూరంలోనే బియ్యానికి అక్కిపేట, గింజధాన్యాలకు తరగుపేట, నూనె గానుగలకు గాణిగరపేట వెలిశాయి. ఈ పేటలలో తమిళ, కన్నడ, ఉర్దూ, మార్వాడీ భాషలతోపాటు తెలుగు కూడా వర్తకపు భాషగా వినిపిస్తుంది. వైశ్య, బలిజ, దేవాంగ కుటుంబాలు అనేకం తెలుగునే ఇంటి భాషగా నిలుపుకొన్నాయి. ఈ ఇళ్లలో ఉదయాహారపు మాటలు కూడా కలగాపులగమే. అటుకులను అవలక్కి అనడం, పెరుగు కలిపిన అటుకులను మొసరవలక్కి అనడం పరిపాటి.

1800లో ఈ ప్రాంతంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ సామాన్యుల ముఖ్యాహారం రాగి అని నమోదు చేశాడు. బెంగళూరు ఉదయాహారం ఆ తరువాత ఇడ్లీ, దోశలవైపు మళ్లినప్పటికీ, చేతికందిన ధాన్యాన్నిబట్టి మారడం ఈ నగరానికి అలవాటే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కొరవడినప్పుడు గోధుమ రవ్వతో ఇడ్లీ చేయడం తమ వద్దనే మొదలైందని మావళ్లి టిఫిన్ రూమ్స్ వారు చెప్పుకొంటారు. పెట్టెలో వచ్చే ధాన్యాహారం విస్తృతంగా ప్రచారమైనది 1994లో కెల్లాగ్స్ సంస్థ భారతదేశంలో వ్యాపారం ప్రారంభించిన తరువాతనే. పాలు వేడిగా తాగే ఇళ్లలో ఆ సంస్థ మొక్కజొన్న రేకులు వెంటనే మెత్తబడి మొదట్లో ఆదరణకు నోచుకోలేదు. నానితేనే రుచి వచ్చే మ్యూస్లీకి ఆ ఇబ్బంది లేదు.

ఓట్స్ భారతదేశంలో ఎక్కువగా పశుగ్రాసంగా పండుతుంది. మనుషులు తినే రకం చాలావరకు ఆస్ట్రేలియా నుంచి దిగుమతి అవుతుంది. కాబట్టి తరగుపేటలో దొరికే రాగులు, జొన్నలు, కొర్రలు, అటుకులను ఈ వంటకంలోకి తీసుకురావడం ఖర్చు దృష్ట్యానే కాక పోషకాల దృష్ట్యా కూడా సమంజసం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. ఇది అంతే బరువు ఆవుపాలలో ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. అయితే రాగులలోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని, ఇనుమును పట్టి ఉంచి కొంత భాగాన్ని దేహానికి అందనివ్వదు. మొలకెత్తించి ఎండబెట్టి చేసిన రాగిపిండిలో ఫైటేట్ తగ్గుతుంది కనుక, మ్యూస్లీలో చేర్చడానికి అది మేలైనది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్య పరిశోధన సంస్థ జొన్నలను, ఇతర చిరుధాన్యాలను రేకులుగా మార్చే పద్ధతులను అభివృద్ధి చేసింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన నాటి నుంచి అటువంటి రేకులు సాధారణ దుకాణాలలోనూ కనిపిస్తున్నాయి. అటుకుల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. తెల్లటి అటుకులలో పీచు తక్కువ కనుక, ఓట్స్ స్థానాన్ని పూర్తిగా వాటికే ఇస్తే వంటకం తేలికగా జీర్ణమై ఆకలి త్వరగా వేస్తుంది. ఎర్రబియ్యపు మందపాటి అటుకులు ఇంతకంటే నయం.

తయారీ

పది పూటలకు సరిపోయే అర కిలో పొడి మిశ్రమానికి 250 గ్రాముల ఓట్స్ రేకులు, 75 గ్రాముల మందపాటి అటుకులు, 50 గ్రాముల రాగి లేదా జొన్న పేలాలు, 60 గ్రాముల వేరుశనగ గుళ్లు, బాదం, 35 గ్రాముల నువ్వులు, గుమ్మడి గింజలు, 30 గ్రాముల ఎండుద్రాక్ష లేదా తరిగిన ఖర్జూరం చాలు. అటుకులను, వేరుశనగలను, నువ్వులను విడివిడిగా సన్నని సెగ మీద నూనె లేకుండా వేయించి పూర్తిగా చల్లార్చాలి. వెచ్చగా ఉండగానే సీసాలో పోస్తే ఆవిరి చేరి బూజు పడుతుంది. ముడుచుకుపోయిన, రంగు మారిన వేరుశనగ గుళ్లను తప్పక ఏరిపారేయాలి. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పోదు. మిశ్రమాన్ని రెండు సీసాలుగా ఉంచడం మంచిది. ఓట్స్, గింజలు, ఎండుపండ్లు ఒకదానిలో, అటుకులు, పేలాలు మరొకదానిలో పెడితే, నానవలసినవి రాత్రి నానుతాయి, కరకరలాడవలసినవి తినేటప్పుడే చేరుతాయి. అవిసె గింజలు వాడేవారు వాటిని వేయించి, కొద్దికొద్దిగా పొడి చేసుకోవాలి. పొడి నిలువ ఉంటే నూనె చెడి చేదెక్కుతుంది.

రాత్రి పడుకునే ముందు మొదటి సీసాలోనిది మూడు పెద్ద చెంచాలు తీసుకొని, అర గ్లాసు కాచి చల్లార్చిన పాలలోగాని, నీళ్లు కలిపి చిలికిన పెరుగులోగాని కలిపి ఫ్రిజ్‌లో ఉంచాలి. బెంగళూరు రాత్రులు చల్లగానే ఉన్నా, బయట ఉంచిన పెరుగు తెల్లవారేసరికి పులుస్తుంది, పాలు విరిగే ప్రమాదమూ ఉన్నది. సమయం లేనప్పుడు అరగంట నానినా సరిపోతుంది. పొద్దున ఒక ఆపిల్‌ను తురిమి వెంటనే నిమ్మరసం కలపాలి. కోసిన పండును నల్లబరిచే ఎంజైమును నిమ్మలోని ఆమ్లం అడ్డుకుంటుంది, దానిలోని విటమిన్ సి ధాన్యంలోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. పాలతో చేసినప్పుడు నిమ్మరసం ఎక్కువైతే పాలు విరుగుతాయి కనుక, పులుపు కోరేవారికి పెరుగే అనుకూలం.

ఆపిల్‌కు బదులు తురిమిన దోరజామ చక్కగా కుదురుతుంది, విటమిన్ సి దానిలో నారింజలోకంటే నాలుగు రెట్ల వరకు ఉంటుంది. చిన్న ఏలకి అరటిపండు చక్కెర అవసరం లేనంత తీపినిస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల పండే, భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ ద్రాక్ష గింజలున్నదైనా దాని వగరు, వాసన పెరుగుతో బాగా కలుస్తాయి. బొప్పాయి, అనాస పండ్లను మాత్రం తినే నిమిషంలోనే వేయాలి. వాటిలోని ఎంజైములు పాలలోని మాంసకృత్తులను విడగొట్టి చేదు పుట్టిస్తాయి. చివరగా రెండో సీసాలోని అటుకులను, పేలాలను పైన చల్లి, అవి మెత్తబడకముందే తింటే, నానిన ధాన్యపు మెత్తదనం, పండు తడి, పేలాల కరకర ఒకే ముద్దలో తెలుస్తాయి. వంటకపు ఆనందమంతా ఈ తేడాలలోనే ఉన్నది.

కొనుగోలు, జాగ్రత్తలు

దుకాణంలో కొనే మ్యూస్లీ పెట్టె మీద దినుసుల జాబితా బరువునుబట్టి అవరోహణ క్రమంలో ఉండాలని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన విధించింది. మొదటి మూడు పేర్లలో చక్కెర, గ్లూకోజ్ పాకం, బెల్లం పొడి, తేనె వంటివాటిలో ఏదైనా ఉంటే అది మిఠాయికి దగ్గరి సరుకే. పోషకాల పట్టికలో మొత్తం చక్కెరతోపాటు చేర్చిన చక్కెరను కూడా వేరుగా చూపాలి. ఎండుద్రాక్షలో సహజంగా ఉన్న తీపికి, పైనుంచి పోసిన పాకానికి తేడా అక్కడ తెలుస్తుంది. చేర్చిన తీపి రోజు మొత్తంలో 25 గ్రాములకు మించకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. నూనె, పాకం పట్టించి ఓవెన్‌లో కాల్చిన గ్రానోలా పక్క అరలోనే ఉంటుంది కనుక, రెండింటినీ ఒకటిగా భావించరాదు.

పొడి మిశ్రమంలో 100 గ్రాములకు సుమారు 380 నుంచి 420 కిలోకేలరీల శక్తి ఉంటుంది కాబట్టి, గిన్నె నిండా పోసుకొని పైన పాలు పోయడం కంటే, 50 గ్రాములు తూచి పండుతో గిన్నె నింపడం యుక్తం. మధుమేహం ఉన్నవారు ఖర్జూరాన్ని, బాగా మాగిన అరటిని తగ్గించి, గింజలను, పెరుగును కాస్త పెంచుకోవచ్చు. గోధుమలోని గ్లూటెన్ పడనివారు, మిల్లులో గోధుమ కలవలేదని ముద్రించిన ఓట్స్‌ను మాత్రమే ఎంచుకోవాలి, లేదా ఓట్స్ పూర్తిగా మాని అటుకులు, రాగి, జొన్నలతో చేసుకోవాలి. చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు వేరుశనగ, బాదం గింజలు గొంతుకు అడ్డం పడకుండా పొడి చేసి కలపాలి, ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదు. పళ్లు లేని పెద్దవారికి పేలాలకు బదులు హురిహిట్టు రెండు చెంచాలు కలిపితే, రాత్రి నానిన ఓట్స్‌తో చేరి జావలా జారుతుంది.