బెంగళూరు పేటల్లో ఒక పగలు

మేము కృష్ణరాజేంద్ర మార్కెట్టు దగ్గర బస్సు దిగేసరికి ఉదయం తొమ్మిది దాటింది. ఆదివారమైతే పేటలో చాలా దుకాణాలు మూసి ఉంటాయని పనిరోజే ఎంచుకున్నాం. వెంట మా విద్యార్థులు ముగ్గురు. ముగ్గురూ తెలుగు రాష్ట్రాల బయట పుట్టి పెరిగినవారు. ఇంట్లో తెలుగు, బడిలో మరొక భాష. బస్సులో వారిలో ఒకరు "పరాయి ఊళ్ళో మన తెలుగుకు ఏం దొరుకుతుంది?" అన్నారు. తిరగడానికి పగలంతా ఉంది కనుక జవాబు చెప్పలేదు.

మార్కెట్టుకు దక్షిణాన కోటలో మిగిలిన భాగం ఉంది. విజయనగరంలో అచ్యుతదేవరాయల పాలన సాగుతున్న 1537లో యలహంక ప్రభువు కెంపేగౌడ ఇక్కడ మట్టికోట కట్టి ఊరు నిలిపాడు. 1761లో హైదరాలీ దానిని రాతికోటగా మార్చే పని చేపట్టాడు. 1791 మార్చి 7న పేట, 21న కోట కారన్‌వాలిస్ వశమయ్యాయి. గోడను పగులగొట్టి లోపలికి చొరబడిన చోటును చూపే పలక ఇంకా ఉంది. విద్యార్థులు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. మాకు మాత్రం ఆ యుద్ధం కంటే కెంపేగౌడ పేర ప్రసిద్ధమైన గంగాగౌరీవిలాసం అనే యక్షగానమే ముఖ్యం. అది తెలుగులో ఉంది. ఈ ఊరికి పునాది వేసిన వంశానికి తెలుగు పరాయి భాష కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అక్కడి నుండి ఉత్తరంగా అవెన్యూ రోడ్డు పట్టుకున్నాం. దీని పాత పేరు దొడ్డపేటె. చిక్కపేటె దీనిని అడ్డంగా కలిసే చోటే కెంపేగౌడ నాలుగు జతల ఎద్దులకు నాగళ్ళు కట్టించి నాలుగు దిక్కులకూ చాళ్ళు తీయించాడని ఐతిహ్యం. ఇప్పుడు ఆ కూడలిలో ఎద్దులకు కాదు, మనిషికే దారి దొరకదు.

పేటల పేర్లు చదువుతూ నడవడమే మా పని. అక్కిపేటె బియ్యానికి, అరళెపేటె దూదికి, కుంబారపేటె కుండలకు, గాణిగరపేటె నూనెకు. ఇంగ్లీషు పలక మీద బళెపేటె పేరు చూసి ఒక విద్యార్థిని అరటిపండ్ల బజారనుకుంది. తప్పు ఆమెది కాదు, హ్రస్వదీర్ఘాలు చూపని ఇంగ్లీషు అక్షరాలది. కన్నడంలో బాళె అంటే అరటి, బళె అంటే గాజు. ఇది గాజుల పేట.

ఒక చిన్న హోటలు ముందు బై-టూ కాఫీ తాగుతూ ఆ పేర్లనే కాగితం మీద రాసి చూశాం. కోటె-కోట, పేటె-పేట, సంతె-సంత, గోడె-గోడ, తలె-తల. కన్నడంలో ఎకారంతో ముగిసేవి తెలుగులో అకారంతో ముగుస్తున్నాయి. కొంబె-కొమ్మ, నంబు-నమ్ము, కన్నడంలో ంబ ఉన్నచోట తెలుగులో మ్మ. కుంబార-కుమ్మరి సంస్కృతం నుండి వచ్చినా అదే దారి పట్టాయి. తరగతిలో రెండు వారాలు చెప్పినా ఎక్కని పాఠం అరకప్పు కాఫీలో ఎక్కింది.

నగరత్‌పేటెలో ధర్మరాయస్వామి గుడి చూశాం. చైత్ర పౌర్ణమి రాత్రి ఇక్కడి నుండి బయలుదేరే కరగ తవక్కల్ మస్తాన్ దర్గాకు కూడా వెళ్తుంది. కరగను మోసేది తిగళులు. తిగళ అంటే కన్నడంలో తమిళుడని అర్థం. ఒక్క పేట ఎన్ని భాషల మీద నిలిచిందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. 1800లో ఇక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ నేతగాళ్ళను కులాలవారీగా వర్ణిస్తూ దేవాంగుల్లో తెలుగువారిని, కన్నడిగులను వేరుగా పేర్కొన్నాడు. మగ్గాలకు పేరుపడిన కబ్బన్‌పేటె వీధుల్లో నేటికీ ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం మాట్లాడే కుటుంబాలున్నాయి.

మధ్యాహ్నం దాటాక చిక్కపేటెలో ఒక పట్టుచీరల దుకాణంలో కూర్చున్నాం. యజమానికి అరవై ఏళ్ళుంటాయి. మా మాట విని వెంటనే తెలుగులోకి మారి, అంతలోనే సంకోచించారు. "మాది సరైన తెలుగు కాదు సార్, కన్నడ కలిసిపోయుండాది" అన్నారు. కలిసిపోయుండాది అన్న ఆ రూపాన్నే గుర్తించమని విద్యార్థులకు చెప్పాం. ఉండు ధాతువులోని డకారం ఆయన నోట నిలిచే ఉంది. మనం పుస్తకాల్లో రాసే ఉన్నది, ఉన్నాడు అనే రూపాల్లో అది పోయింది. ఎవరి తెలుగు చెడిందో అంత తేలికగా తేల్చరాదు.

ఆయన లోపలి నుండి ఒక పాత చిట్టా తెచ్చారు. తాతగారిదట. 1957లో దశాంశ నాణేలు రాకముందు నాటి లెక్కలు, తెలుగు లిపిలో. "మా నాయన కన్నడలోనే చదివినారు, నేనూ అంతే. దీంట్లో ఏముందో రెండు తరాలుగా ఎవరూ చదవలేదు" అన్నారు. లిపులు రెండూ ఒకే తెలుగు-కన్నడ లిపి సంతానమే. అయినా గొలుసుకట్టు రాతలో ఆయనకు అక్షరం ఆనలేదు. మా విద్యార్థులు కూడబలుక్కొని పేర్లు చదివారు. అంకెల దగ్గర మాత్రం ఆగిపోయారు. రూపాయల పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు. ఆయన నవ్వారు. నిలువు గీత పావు, అడ్డగీత వీసం, అంటే అణా. వాళ్ళ నాన్న దగ్గర గల్లాపెట్టె ముందు నేర్చుకున్నారట.

అలా అక్షరాలు వారు, అంకెలు ఆయన చదవసాగారు. నూలు, రంగు, కూలి. ఒక పద్దులో "తరగు" అని వచ్చింది. ముగ్గురికీ తెలియలేదు. తగ్గుదల అనుకున్నారు.

"తరగంటే దళారి రుసుము కదా? మార్కెట్టు పక్క తరగుపేటె చూడలేదా మీరు?" అన్నారాయన.

పొద్దున బస్సు దిగింది ఆ పక్కనే. దీపాలు వెలిగించే వేళకు పన్నెండు పుటలు అయ్యాయి. కుర్రవాడు షట్టరు దించడానికి వస్తే, ఇంకొంచెం ఆగమని ఆయనే చెప్పారు.