సింగరేణి షేర్లు ఎవరు ఎవరికి అమ్మారు?

మంచిర్యాలలో పెరిగినవాళ్ళకి సింగరేణి అంటే సర్కారు కంపెనీ. క్వార్టర్లు, షిఫ్టు సైరన్, దసరాకి లాభాల వాటా. దాని మూలం లండన్‌లో ఉందంటే మావాళ్ళు చాలామంది నమ్మరు.

ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టింది 1871లో. 1886లో నిజాం ప్రభుత్వం గనుల హక్కుల్ని ఇద్దరు ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చింది. వాళ్ళు లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు. మూలధనం 10 లక్షల పౌండ్లని చూపించి, అందులో చాలా షేర్లు డబ్బు కట్టకుండానే తమ పేర రాసుకున్నారు. నిజాం తరఫున అక్కడ వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్, ఆ షేర్లు కొన్ని నిజాం ప్రభుత్వం చేత కొనిపించాడు. తీరా చూస్తే, అమ్మినవాడూ ఆయనే! 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారించింది. ఆయన పదవి పోయింది. గనులు మాత్రం కంపెనీకే ఉన్నాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో గానీ మెజారిటీ షేర్లు నిజాం ప్రభుత్వానికి రాలేదు.

సోవియట్ యూనియన్ కూలాక అక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఎలా అమ్ముడుపోయాయో చదువుతుంటే, నాకు అబ్దుల్ హక్కే గుర్తొచ్చాడు. ఉక్రెయిన్‌లో క్రివోరిజ్‌స్టాల్ అనే పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. 2004లో దాన్ని దాదాపు 80 కోట్ల డాలర్లకి కొన్నవాళ్ళలో ఒకరు దేశాధ్యక్షుడి అల్లుడు. ఎక్కువ ఇస్తామన్న విదేశీ కంపెనీల్ని ముందే పక్కన పెట్టేశారు. ప్రభుత్వం మారాక ఆ అమ్మకం రద్దయింది. 2005లో టీవీలో అందరూ చూస్తుండగా మళ్ళీ వేలం వేస్తే మిట్టల్ స్టీల్ 480 కోట్లు ఇచ్చింది. అంటే అక్కడ ఖజానాకి గండి కొట్టబోయింది సొంతవాళ్ళే.

అలాగని బహిరంగ వేలంలో మంచి ధర వస్తే చాలనీ అనలేం. కజకిస్తాన్‌లో కరగండ ఉక్కు ఫ్యాక్టరీ 1995లో ఇదే మిట్టల్ గ్రూపుకి వెళ్ళింది, తర్వాత చుట్టుపక్కల బొగ్గు గనులు కూడా. 2023 అక్టోబరులో కోస్తెంకో గని ప్రమాదంలో 46 మంది చనిపోయారు. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీ మిట్టల్ చేతుల్లోంచి పోయింది. గని ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ 46 ఉత్త అంకె కాదు.

2019 నుంచి మన బొగ్గు తవ్వకంలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడి పెట్టొచ్చు. 2024 జూన్‌లో కేంద్రం వేలానికి పెట్టిన బ్లాకుల్లో మా జిల్లాలోని శ్రావణపల్లి కూడా ఉంది. 'ప్రైవేటా, సర్కారా' అని ఊళ్ళో వాదించుకుంటున్నాం, వాదించుకోవాల్సిందే. దాంతోపాటు ధర కట్టేదెవరు, వాళ్ళకీ కొనేవాళ్ళకీ చుట్టరికం ఏంటి, గని లోపలి భద్రతకి పూచీ ఎవరిది అని కూడా ఇప్పుడే అడగాలి. 1886లో ఈ ప్రశ్నలు సంతకాలయ్యాకే వచ్చాయి.