రంగం ప్రయాణం నుంచి రిఫండు దాకా



2024 జులై చివరి వారంలో ఒక ఉదయం అమలాపురం గడియార స్తంభం దగ్గర మన పెన్షనర్లం నలుగురం కలిశాము. అందులో ఒకరు దంపతులిద్దరికీ అమెరికా టిక్కెట్లు కొనుక్కుని ఉన్నారు. "ఏమండీ, ఇకమీదట ఆదాయపు పన్ను వారి సర్టిఫికెట్టు లేనిదే విమానం ఎక్కనివ్వరట గదా!" అని ఆయన కంగారుపడ్డారు. ఆ నెల బడ్జెట్టులో చేసిన చిన్న సవరణ నోటినోటా పెరిగి ఆయనదాకా వచ్చింది. ఆ మాట నిజమా కాదా అని చూడబోతే దాని వెనుక చాలా చరిత్ర కనబడింది. మన ప్రాంతపు వలసలతో ముడిపడిన చరిత్ర గనుక ఈ ప్రత్యేక సంచికకు పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ కాగా, లండను నుంచి వచ్చిన జేమ్స్ విల్సన్ ఈ పన్ను ప్రవేశపెట్టారు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కలకత్తాలో కన్నుమూశారు. ఆయన పెట్టిన పన్ను ఐదేళ్ళకు ఆగిపోయి, మళ్ళీ వచ్చి, చివరకు 1886 చట్టంతో స్థిరపడింది. వ్యవసాయాదాయానికి మినహాయింపు ఇచ్చింది కూడా ఆ చట్టమే. అందువల్లనే కోనసీమలో వరిచేలు, కొబ్బరితోటల మీద బ్రతికిన కుటుంబాలు తరతరాలుగా ఆదాయపు పన్ను ఆఫీసు గడప తొక్కలేదు. ఆ గడప తెలిసినవారు వ్యాపారులు, తరువాత మనబోటి జీతగాళ్ళు.

ఇక వలసల మాట. మన తాతల కాలంలో గోదావరి జిల్లాల నుంచి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వేలాదిమంది కాకినాడ, విశాఖ రేవులలో ఓడ ఎక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళేవారు. బియ్యం మిల్లులలోనూ రేవులోనూ పని. గౌతమికి అవతలి ఒడ్డున ఉన్న కోరంగి పేరు మీద బర్మాలో తెలుగువారికి "కోరంగీలు" అన్న పేరే పడిపోయింది. సముద్రం దాటినా వారు లెక్కప్రకారం విదేశం వెళ్ళినట్లు కాదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో భాగమే. ఆ రోజున రెండూ వేరు కావడంతో, రంగంలో వ్యాపారమూ ఇక్కడ ఇల్లూ ఉన్నవారికి రెండు ప్రభుత్వాల పన్ను వచ్చిపడింది. ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా 1936లోనే ఇండియా–బర్మా ఉపశమన ఉత్తర్వు ఒకటి చేసి ఉంచారు. కూలికి పోయినవారికి దానితో నిమిత్తం లేదు. వారి సంపాదన పన్ను గడపకు ఆమడ దూరంలోనే ఆగిపోయేది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వారిలో చాలామంది కట్టుబట్టలతో తిరిగి వచ్చారు.

మనిషి దేశంలో ఎన్ని రోజులు ఉన్నాడని లెక్కపెట్టే పద్ధతి 1939 సవరణతో చట్టంలోకి వచ్చింది. 182 రోజులన్న లెక్క అప్పటిదే. 1961 చట్టం కూడా దానిని నిలుపుకుంది. ఈ నాటికీ విదేశాలలో ఉండే మన పిల్లలు పాస్‌పోర్టు ముద్రలు చూసుకుంటూ లెక్కించేది ఆ రోజులనే.

1973లో చమురు ధర పెరిగిన తరువాత గల్ఫ్ దారి తెరుచుకుంది. రాజోలు, మలికిపురం, అమలాపురం ప్రాంతాల నుంచి మగవారు పనులకు, ఆడవారు ఇళ్ళలో పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళారు. ఆ రోజుల్లో సర్టిఫికెట్టు మాట వట్టి పుకారు కాదు. 1961 చట్టం 230వ సెక్షను ప్రకారం వలస పోయేవారు, వర్క్ పర్మిట్ మీద ఉద్యోగానికి పోయేవారు టాక్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు తీసుకోవాలి. అది చూడకుండా ఎక్కించుకున్న ఓడ యజమాని గాని, విమాన సంస్థ గాని ఆ బాకీకి తానే జవాబుదారీ. 2003 జూన్ 1 నుంచి ఆ పద్ధతి మారింది. ఇక్కడివారికి సాధారణంగా ఆ కాగితం అవసరం లేకుండా పోయింది. 2024లో పుకారు ముదిరిన మీదట ఆగస్టు 20న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. పెద్ద ఆర్థిక అక్రమాలలో ఇరుక్కున్నవారికి, స్టే లేకుండా 10 లక్షలకు మించి పన్ను బాకీ ఉన్నవారికి మాత్రమే, అదీ పై అధికారి అనుమతితో, ఆ సర్టిఫికెట్టు అడుగుతారని దాని సారాంశం. మన మిత్రులు దంపతులు హాయిగా వెళ్ళివచ్చారు.

అయితే అసలు చిక్కు విమానం ఎక్కేటప్పుడు కాదు, ఎక్కిన తరువాత వస్తుంది. ఇది మా ఇంటి అనుభవం.

మా బావగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. 2018లో గ్రీన్ కార్డు మీద అమెరికాలో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయారు. ఇక్కడ పెన్షను, డిపాజిట్ల మీద వడ్డీ ఉన్నాయి. రిటర్న్ వేసే పని నాకు అప్పగించారు. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు అందరి ఫారాలూ నింపినవాణ్ణి గదా అన్న ధీమాతో, ఆయన ఇక్కడ ఉన్నప్పటి మాదిరిగానే "రెసిడెంట్" అని టిక్కు పెట్టి వేస్తూ వచ్చాను. 2021లో బ్యాంకు వారు సంగతి తెలిసి ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చారు. అప్పటి నుంచి వడ్డీ మీద సెస్సుతో కలిపి వందకు 31 రూపాయల 20 పైసలు కోత. 15హెచ్ ఫారం ఇద్దామంటే అది ఇక్కడ నివాసం ఉన్నవారికే. 2023 జులైలో మళ్ళీ రెసిడెంట్ అనే వేసి రిఫండు కోరాను.

రిఫండు రాలేదు. ఆధార్‌తో జత చేయని పాన్‌లు ఆ నెల 1వ తేదీ నుంచి నిలిచిపోయాయి. ప్రవాసులకు ఆ నిబంధన లేదు. కాని బావగారు ప్రవాసి అని శాఖకు ఎవరు చెప్పాలి? నేను వేసిన రిటర్నులన్నీ ఆయన ఇక్కడే ఉన్నారని చెబుతున్నాయి! తప్పు నాదే. పాస్‌పోర్టు పేజీల నకళ్ళతో అధికారికి దరఖాస్తు పెట్టి, డిసెంబరు లోపల నాన్ రెసిడెంట్‌గా సవరించిన రిటర్న్ వేశాము. పాత సంవత్సరాల తేడా పన్ను వడ్డీతో సహా కట్టాము. పాన్ మళ్ళీ పనిచేసిన తరువాత రిఫండు మంజూరయింది. తీరా చూస్తే అది మూసేసిన పాత ఖాతాకు వెళ్ళి తిరిగి వచ్చింది. మన రోజుల్లో రిఫండు కాగితం రిజిస్టరు పోస్టులో వచ్చేది, పోస్ట్‌మాన్ పిలిచి ఇచ్చేవాడు. 2019 మార్చి నుంచి పాన్‌తో జత అయిన ఖాతాకు తప్ప రావడం లేదు. కొత్త ఖాతా చూపి, మరల కోరితే 2024లో వచ్చింది. సీనియర్ సిటిజన్లకు ఇచ్చే అదనపు మినహాయింపులు ప్రవాసులకు లేవు గనుక అనుకున్నదానికన్నా తక్కువే వచ్చింది. "పోనీలే బావా, లెక్క తేలింది, అది చాలు" అన్నారాయన ఫోనులో. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

కాబట్టి నా మనవి. పిల్లల దగ్గరకు స్థిరంగా వెళ్ళేవారు ముందు బ్యాంకుకు చెప్పి ఖాతా మార్పించుకోవాలి. రిటర్నులో నివాస స్థితి నిజం వ్రాయాలి. పాన్‌తో జత అయిన ఖాతా మూసేముందు రెండోది చూపాలి. ప్రభుత్వ పెన్షను మీద ఇక్కడ పన్ను తప్పదు. గ్రీన్ కార్డు ఉన్నవారిని అమెరికా కూడా లెక్క అడుగుతుంది. 1990 డిసెంబరులో అమలులోకి వచ్చిన రెండు దేశాల ఒప్పందం వలన ఇక్కడ కట్టినది అక్కడ మినహాయించుకోవచ్చు. కువైట్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు గనుక అక్కడి మన పిల్లలకు ఆ బాధ లేదు. గడువు దాటిన రిఫండు కోసం కూడా ఐదేళ్ళ లోపల ఆలస్యం మన్నించమని కోరుకోవచ్చునని 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ చెబుతోంది.

1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో కొత్త చట్టం చేశారు. సెక్షను నంబర్లు, ఫారాల పేర్లు మారతాయి గనుక పాత అలవాటు మీద నాలాగా ఎవరూ ఫారం నింపవద్దు. రంగం వెళ్ళిన మన తాతలకు చేతిలో కాగితం లేదు, అడిగినవారూ లేరు. మనకు కాగితాలు ఉన్నాయి. వాటిని సరిగా ఉంచుకుంటే పిల్లలకు మన వల్ల ఇబ్బంది ఉండదు.