ఆబోతు దోషము, ఆవుపై నింద
హోసూరు, మైసూరు సీమల పశుసంతాన చరిత్ర

తెలుగున గొడ్డు అను మాటకు పశువనియు, సంతానము లేనిదనియు రెండర్థములు కలవు. ఈనని ఆవును గొడ్డుటావందురు. బిడ్డలు లేని యింతిని గొడ్డురాలందురు. చూలు నిలుపలేని ఆబోతునకు మాత్రము జనవ్యవహారమున అంత ప్రసిద్ధమైన పేరు లేదు. ఇది మాటల లోటుగానే తోచవచ్చును గాని దీని వెనుక పల్లెటూరి ఆవుల కథ కలదు. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట ప్రాంతముల తెలుగు రైతులైనను, సరిహద్దున కావల బెంగుళూరు, కోలారు సీమల తెలుగువారైనను ఆవు మాటిమాటికి ఎదకు వచ్చుచు చూలు నిలువనిచో తప్పు ఆవుదే యని తలచుట పరిపాటి. అట్టి ఆవు సంతకు పోయెడిది. ఆబోతు ఊరిలోనే నిలిచెడిది.

ఊరుమ్మడి ఆబోతు చాలచోట్ల దేవునికి విడిచినదే. గతించిన పెద్దల పేర వృషోత్సర్గము చేసి, తొడమీద శూలమో చక్రమో అచ్చువేసి, కోడెను విడుచు ఆచారము ప్రాచీనము. అచ్చోసిన ఆబోతు అను జాతీయము దీనినుండియే పుట్టినది. ఒంగోలు సీమయందు గ్రామపెద్దలు మేలైన దూడను ఎంపికచేసి విడుచుచుండుట వలననే ఆ జాతి వాసికెక్కినదని పశుశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. ఆ ఎంపిక సామాన్యమైనది కాదు. తల్లి పాడి, మూపురము, గిట్టలు, నడక అన్నియు చూచెడివారు. అయినను కంటికి కనబడని దానిని చూచుటకు వారికి సాధనము లేదు. పైగా దేవుని సొత్తును పట్టి పరీక్షించు సాహస మెవరికుండును?

కంటికి కనబడనిదే ఇందు ముఖ్యము. ట్రైకోమోనాస్ అను సూక్ష్మజీవి ఆబోతు శిశ్నముపైనను, దానిని కప్పియుండు తొడుగు ముడుతలలోను నివసించును. ఆబోతునకు జ్వరము లేదు, వాపు లేదు, మేత తగ్గదు, ఉత్సాహము తగ్గదు. వయస్సు పెరిగిన కొలది ముడుతలు లోతై క్రిములకు మరింత చోటు దొరకును. తనంతట పోవుట అరుదు. ఆ ఆబోతు దాటిన ఆవులలో పిండము మొదటి కొలది మాసములలోనే నశించును. కొన్ని ఆవులు ఈచుకపోయినట్లు కూడ రైతునకు తెలియదు. ఆవు మరల ఎదకు వచ్చును, మరల అదే ఆబోతు కడకు తోలుదురు. విచిత్రమేమనగా, ఆవునకు కొన్ని మాసములు ఆబోతు సంపర్కము లేకున్నచో సాధారణముగా రోగము దానియంతట అదియే నయమగును. నయము కాగల ఆవును అమ్మివేసి, రోగమునకు గనియైన ఆబోతును పూజించుట జరిగెడిది. ఇట్లు మందలోని దూడల సంఖ్య తగ్గిపోవుచుండగా అది గ్రహచారమనియో, మేత కొరత యనియో సమాధానపడెడివారు. ఈ రోగ మార్గము ఐరోపా పశువైద్యులకే 1930 ప్రాంతమున గాని స్పష్టపడలేదు. పల్లె రైతును తప్పుపట్టుట న్యాయము కాదు.

ఎండ చేయు కీడు మరియొకటి. వృషణములు శరీరమునకు వెలుపల వ్రేలాడుట వానిని దేహము కంటె కొన్ని డిగ్రీలు చల్లగా ఉంచుటకే. తీవ్రమైన ఎండవలన గాని, గాలికుంటు వంటి జ్వరము వలన గాని ఆ చల్లదనము చెడినచో శుక్రకణములు వికలమగును. ఒక శుక్రకణము తయారగుటకు సుమారు 61 దినములు పట్టును గనుక చైత్ర వైశాఖముల ఎండ ఫలితము వానలు పడి, పచ్చిక మొలచి, ఆబోతు నిగనిగలాడుచున్నప్పుడు కూడ కనబడును. అప్పుడు దానిని శంకించువా రెవ్వరు?

ప్రభుత్వము ఆబోతువైపు దృష్టి మరల్చుట చట్టముతో మొదలయ్యెను. బొంబాయి రాజధానిలో 1933లోను, మద్రాసు రాజధానిలో 1940లోను పశ్వభివృద్ధి చట్టములు వచ్చెను. అనుమతిపత్రము లేని ఆబోతునకు వట్టలు కొట్టించవలెనని వాని సారాంశము. హోసూరు నాడు మద్రాసు రాజధానిలోనిదే. 1824లో సైన్యపు గుఱ్ఱములకై నెలకొల్పిన అక్కడి క్షేత్రము అప్పటికి పశుసంతానమునకు ప్రసిద్ధమై యుండెను. కాని చట్టము చూచినది ముఖ్యముగా రూపమును, జాతిని. లోపలి దోషమును బయటపెట్టినది సూక్ష్మదర్శిని.

1939లో మైసూరు రాజభవన పాడిక్షేత్రమున సంపత్కుమారన్ హల్లికారు ఆవులకు హోల్‌స్టీన్ ఆబోతు వీర్యమును కృత్రిమముగా ఎక్కించి, 33 ఆవులు చూలు కట్టునట్లు చేసెను. భారతదేశమున కృత్రిమ గర్భధారణమునకు ఇదియే ఆరంభము. 1942లో ఇజ్జత్‌నగరమున పరిశోధన ప్రారంభమై, పిమ్మట బెంగుళూరు, కలకత్తా, పాట్నా, మాంట్‌గోమరీలలో కేంద్రము లేర్పడెను. వీర్యమును ఆవునకు ఎక్కించుటకు ముందు దాని చలనమును, కణముల రూపమును చూడకతప్పదు. బలిష్ఠమైన ఆబోతు వీర్యము నిర్జీవమై యుండవచ్చునని కంటితో చూచి తెలిసికొనుట ఇట్లు నిత్యకృత్యమయ్యెను.

క్రొత్త పద్ధతి నిరపాయమని తలపరాదు. ఊరి ఆబోతు చెడినచో ఒక ఊరికి నష్టము. కేంద్రపు ఆబోతు చెడినచో ఎన్ని జిల్లాలకో! బ్రూసెల్లా క్రిమి ఆబోతు వృషణములను వాపజేయును. ఆ రోగమున్న ఆబోతు దాటుటకంటె దాని వీర్యమును నేరుగా గర్భాశయమున విడుచుట ఎక్కువ అపాయము. పాలవలనను, ఈచుకపోయిన మావివలనను ఆ జ్వరము మనుష్యులకు కూడ సోకును. అందుచేతనే బెంగుళూరు సమీపమున హెసరఘట్టయందు 1969లో ఏర్పడిన ఘనీభవన వీర్యసంస్థ వంటి కేంద్రములలో ఆబోతులకు క్షయ, బ్రూసెల్లా, ట్రైకోమోనాస్ మున్నగు పరీక్షలు నియమితముగా జరుపుదురు. 2004లో కేంద్రప్రభుత్వము ఇందుకు కనీస ప్రమాణములను నిర్ణయించెను.

ఊరి ఆబోతునకు ఇట్టి పరీక్షలు సాధారణముగా జరుగవు. అయినను చేయదగిన పని కష్టమైనది కాదు. ఒకే ఆబోతు దాటిన ఆవులు పెక్కు మాటిమాటికి ఎదకు వచ్చుచున్నచో మొదట ఆబోతునే పశువైద్యునికి చూపవలెను. దాని తొడుగును కడిగిన నీటిని వారమునకొకసారి చొప్పున మూడు వారములు పరీక్షించి, రోగము లేదని తేలువరకు మంద నుండి వేరుగా కట్టవలెను. ఆవులను ఆ మాసములలో ఏ ఆబోతు కడకును తోలక విడిచిపెట్టవలెను. సంతకు తోలుట అటుపిమ్మటి మాట.