తోడేలు రూపంలో తిరిగొచ్చిన సూర్యదేవి

నూరేళ్ల కిందట ఎనిమిది తలల సర్పం ఒరోచితో పోరాడి, ఊరిని కాపాడి ప్రాణం విడిచిన తెల్ల తోడేలుకు పల్లెవాళ్లు రాతి విగ్రహం నిలబెట్టుకున్నారు. అప్పటి నుంచి బందీగా ఉన్న ఒరోచి చెర విడిపించుకోగానే వృక్షదేవత సకుయా ఒక అద్దంతో ఆ విగ్రహానికి ప్రాణం పోస్తుంది. లేచి ఒళ్లు దులుపుకున్న తోడేలే సూర్యదేవి అమతెరాసు. 2006లో క్యాప్‌కామ్ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం తెచ్చిన ‘ఓకమి’ గేమ్ ఇలా మొదలవుతుంది. దర్శకుడు హిదెకి కమియా. జపాన్ పాత నమ్మకాలు తెలుసుకోవాలనుకునే తెలుగు పిల్లలకు ఇంతకంటే మంచి దారి దొరకడం కష్టం.

ఆట మధ్యలో తెర బొమ్మ గీసే కాగితంలా నిలిచిపోతుంది. కుంచెతో ఆకాశంలో సున్నా చుడితే సూర్యుడు వస్తాడు. ఎండిన చెట్టు చుట్టూ గీస్తే పూలు విరుస్తాయి. సిరా పూర్తిగా అయిపోతే దేవి ఒంటిమీది ఎర్రటి గీతలు చెరిగిపోయి ఉత్త తోడేలు మిగులుతుంది. ఆటలోని జనంలో చాలామందికి కనిపించేది ఆ ఉత్త తోడేలే.

ఒరోచి కథ క్రీ.శ. 712 నాటి ‘కోజికి’ గ్రంథంలోది. అమతెరాసు తమ్ముడు సుసనోఓ స్వర్గం నుంచి వెలివేతకు గురై ఇజుమో ప్రాంతంలో దిగుతాడు. అక్కడ ఏటా ఒక కూతుర్ని సర్పానికి బలిచ్చిన ముసలి దంపతులు ఆఖరి పిల్ల కుషినదను పట్టుకుని ఏడుస్తుంటారు. అతడు ఆ పిల్లను దువ్వెనగా మార్చి జుట్టులో దోపుకుంటాడు. ఎనిమిది తొట్లలో మద్యం పోయించి, సర్పం తాగి పడిపోయాక నరుకుతాడు. గేమ్‌లో అతడి ప్రతిరూపమైన సుసానో ప్రగల్భాలు పలికే పిరికివాడు. సర్పాన్ని మత్తులో ముంచే మద్యం సాకేను తన చేతులతో కాచేది కుషినదకు ప్రతిరూపమైన కుషియే. పాత కథలో దువ్వెనై మౌనంగా ఉండిపోయిన ఆడపిల్లకు ఈ పని అప్పగించడం కమియా బృందం చేసిన గొప్ప మార్పు.

మరి విగ్రహంలోంచి తోడేలు తిరిగి లేచే ఈ పునర్జన్మ మాటేమిటి? అది ‘కోజికి’ నాటి దేవతలకు సొంతమైన ఊహ కాదు. ఆ గ్రంథంలో చనిపోయిన దేవత ఇజనామి యోమి అనే చీకటి లోకంలో కుళ్లిపోతుంది. వెతుక్కుంటూ వెళ్లిన భర్త ఇజనాగి ఆమెను చూసి పారిపోయి, దారికి బండరాయి అడ్డం పెడతాడు. కర్మ, మరుజన్మ అన్న ఆలోచనలు 6వ శతాబ్దంలో కొరియా రాజ్యం బెక్జే మీదుగా బౌద్ధంతో జపాన్‌కు వచ్చాయి. మన నాగార్జునుణ్ని జపాన్ బౌద్ధులు ర్యూజు పేరుతో ఎనిమిది శాఖలకు మూలగురువుగా కొలుస్తారు. కాలక్రమంలో స్థానిక దేవతలు బుద్ధుల అవతారాలే అన్న నమ్మకం స్థిరపడి, అమతెరాసు వైరోచన బుద్ధుడిలో కలిసింది. 1868లో మెయిజీ ప్రభుత్వం స్థానిక దేవతలనూ బౌద్ధాన్నీ ఆజ్ఞతో విడదీసింది. చాలాచోట్ల బౌద్ధ విగ్రహాలు పగిలాయి. సూర్యదేవి చక్రవర్తి వంశానికి మూలపుటమ్మగా అధికార చిహ్నమైంది. ‘ఓకమి’ ఆమెను అంతఃపురం నుంచి పొలాలకు తెచ్చింది. పిచ్చుకలకు గింజలు వేసినా, మోడుకు పూలు పూయించినా జనంలో నమ్మకం పెరుగుతుంది, ఆ నమ్మకమే ఆమెకు బలం.

ఆ దేహం తోడేలుది కావడం మరీ కదిలిస్తుంది. సైతామా కొండల్లో మిత్సుమినె గుడి ముందు మామూలుగా ఉండే సింహాల బొమ్మలకు బదులు తోడేళ్ల బొమ్మలు కాపలా కాస్తాయి. పంటల్ని తొక్కేసే అడవిపందుల్ని, జింకల్ని వేటాడతాయని రైతులు తోడేళ్లను పూజించారు. దొంగల నుంచి, అగ్గి నుంచి రక్షగా తోడేలు బొమ్మ ఉన్న కాగితపు తాయెత్తు ఇంట్లో పెట్టుకునేవారు. అయినా చివరి జపాన్ తోడేలు 1905లో నారా ప్రాంతంలో చనిపోయిందని లెక్క.

ఆట చివరి అంకంలో వచ్చే మంచుసీమ కముయి ఉత్తరాది ఐను జాతి ప్రపంచాన్ని పోలి ఉంటుంది. అక్కడి మనుషులు తోడేళ్లుగా మారగలరు. అసలు ఐనుల నేల హొక్కైదోలో 1870ల నుంచి గుర్రాల ఫారాల కోసం ప్రభుత్వమే తోడేళ్లకు స్ట్రిక్నిన్ విషం పెట్టించి, తలకింతని బహుమానాలిచ్చి, ఆ శతాబ్దం ముగిసేలోపు వాటిని దాదాపు తుడిచిపెట్టింది.